అమ్ముడుపోని రంగు

పాత కారు సిరుగుప్ప రోడ్డులో ఆగిపోయి, ఒక లారీ డ్రైవరు దయతలచి తాడు కట్టి ఆదోని దాకా లాక్కొచ్చిన రోజున, దేవేంద్రప్ప ఇక కొత్త బండి కొనక తప్పదనుకున్నాడు.

దేవేంద్రప్ప ఆదోనిలో పత్తి వ్యాపారి. మార్కెట్ యార్డులో పత్తి కొని జిన్నింగ్ మిల్లులకు పంపిస్తాడు. యాభై దాటినవాడు. ఒక్కడే ఉంటాడు. పెళ్ళయిన నాలుగో ఏట భార్య బళ్ళారిలో పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. కొట్టిందీ తిట్టిందీ ఏమీ లేదు. పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషులు కారణం అడిగితే, "మనిషి మంచోడే. ఇంట్లో మాట్లాడడు. గోడల్తో కాపురం చేసినట్టుంది" అని చెప్పింది. దేవేంద్రప్ప అప్పుడు కూడా ఏమీ మాట్లాడలేదు. తర్వాత విడాకులయ్యాయి. ఆమెకు ఇంకో పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారని ఎవరో చెప్పగా విన్నాడు. తను మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు.

ఈసారి కొంటే పెద్ద బండే కొనమని తోటి వ్యాపారులు పట్టుబట్టారు. ఈ గుంతల రోడ్లకు ఎత్తు బండి అయితే నడుముకు మంచిదని డాక్టరు కూడా అన్నాడు. అలా ఒకనాడు హైదరాబాదు వెళ్ళి, పేరున్న కంపెనీ షోరూములో ఏడు సీట్ల బండి ముందు నిలబడ్డాడు. లోపల తోలు వాసన, అద్దాల కప్పు, తలుపు వేస్తే బయటి చప్పుడేదీ వినబడని నిశ్శబ్దం. అన్నీ చూపించాక అక్కడి అమ్మాయి రంగుల అట్ట ముందు పెట్టి, "ఒకసారి మేడమ్ గారిని కూడా తీసుకురండి సార్. రంగు దగ్గర ఎక్కువగా వాళ్ళదే మాట" అంది.

దేవేంద్రప్ప సరేనన్నాడు. వచ్చే వారం వస్తామని చెప్పి లేచాడు. రైల్లో తిరిగివస్తూ, ఆ అట్టను ఫోనులో తీసుకున్న ఫొటో చాలాసేపు చూశాడు. తెలుపు, నలుపు, వెండి, బూడిద, నీలం, ముదురాకుపచ్చ. తనకు ఏ రంగు ఇష్టమో తనకే తెలియదని అప్పుడు అర్థమైంది. చొక్కాలు కూడా కొట్టువాడు ఇచ్చినవే తెచ్చుకునే మనిషి.

నలుగురినీ అడిగాడు. గుమాస్తా నలుపన్నాడు. బళ్ళారిలో ఉన్న చెల్లెలు సునీత ఫోనులో, నీకు ఏది నచ్చితే అదే తీసుకో అన్నా అని, కుక్కర్ కూత వేస్తోందని పెట్టేసింది. వంట చేసే హుసేనమ్మ ఫోనును దూరంగా పట్టుకుని చూసి, "ఏ రంగయితే ఏమి నాయనా, మన ఊరి దుమ్ము పడితే అన్నీ ఒకటే" అంది.

చివరికి వీరేష్ దగ్గరికి పోయాడు. ఎమ్మిగనూరు రోడ్డులో వీరేష్‌కు ఆటో కన్సల్టెన్సీ ఉంది. పాత కార్లు కొనిపిస్తాడు, అమ్మిపెడతాడు. ఆ విద్యలో అతని మాటకు తిరుగులేదు. ఫొటో చూపించకముందే తేల్చేశాడు.

"తెలుపు తీసుకో అన్నా. కండ్లు మూసుకొని తీసుకో. గీత పడితే అతుకు తెలీదు, ఎండకు కాగదు, నాలుగేండ్ల తర్వాత అమ్మాలన్నా పదిమంది వస్తారు. లీడర్లు కొంటారు, డాక్టర్లు కొంటారు. ఈ ఆకుపచ్చా గీకుపచ్చా అంటే కొనేటోడు యాడో ఒకడుంటాడు. ఆ ఒకడు యాడుండాడో మనకి తెల్దు. వాడు వచ్చేదాకా బండి మన గుమ్మంలోనే నిలబడుంటాది."

అన్నమాటకు సాక్ష్యం కూడా చూపించాడు. అచ్చం దేవేంద్రప్ప చూసివచ్చిన బండే, ముదురాకుపచ్చది, ఎమ్మిగనూరులో అమ్మకానికి ఉందట. రోడ్డు కాంట్రాక్టరు మారెప్పది. కొన్న ఏడాదికే ఆయనకు పక్షవాతం కొట్టింది. ఎక్కువ తిరగలేదు, సీటు కవర్లు కూడా నలగలేదు. అయినా పోయిన వానాకాలం నుంచి అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్ళు రంగు చూసి సగానికి సగం అడుగుతున్నారట.

అది విన్నాక దేవేంద్రప్పకు ఆ బండిని ఒకసారి చూడాలనిపించింది. కొనడానికి కాదు. అట్ట మీద గోరంత ముక్కగా కనిపించిన రంగు బండంతా పరుచుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని. ఒక ఆదివారం పొద్దున వీరేష్ దగ్గర అడ్రసు తీసుకుని బస్సెక్కాడు.

ఇల్లు ఊరి చివర ఉంది. గేటు లోపల రేకుల కింద బండి. ఎండ దాని మూతి మీద మాత్రమే పడుతోంది. నీడలో ఉన్న భాగం నల్లగా, ఎండ పడ్డ చోట వాన వెలిసిన తర్వాతి కంది చేనులాగా పచ్చగా ఉంది. దేవేంద్రప్ప గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఇంటి అరుగు మీద కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఎడమ చెయ్యి ఎత్తాడు. కుడి చెయ్యి ఒడిలో కదలకుండా ఉంది.

"పోదాం," అన్నాడు ఆయన.

లోపలినుంచి ఆయన భార్య యశోద వచ్చింది. దేవేంద్రప్ప ఈడుదే. రమ్మని కుర్చీ వేసి, ఆ మాటకు ఏమీ అనుకోవద్దని చెప్పింది. పక్షవాతం వచ్చి మాట పోయాక ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటేనట. ఆకలైనా పోదాం, నొప్పయినా పోదాం, ఎవరైనా వచ్చినా పోదాం. పొద్దునే కూలీలను ట్రాక్టరెక్కించుకుంటూ ముప్పై ఏళ్ళు అన్న మాట. "డాక్టర్లు అదే గట్టిగా పాతుకుండాదన్నారు" అంది.

టీ ఇచ్చి, బండి తాళం తెచ్చి ఇచ్చింది. దేవేంద్రప్ప చుట్టూ తిరిగి చూశాడు. తలుపు తీసి కూర్చున్నాడు. దిగి వచ్చి అరుగు మీద కూర్చుని, ఉన్నమాటే చెప్పాడు. "రంగు బాగుంది."

మారెప్ప ముఖం అతని వైపు తిరిగింది. సగం ముఖమే నవ్వింది గానీ, అది నవ్వే. యశోద చేతిలోని గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది. ఇప్పటిదాకా వచ్చినవాళ్ళందరూ ఆయన ముందరే ఆ రంగును తిట్టి పోయినవాళ్ళని తర్వాత చెప్పింది. రంగు ఆయనే ఎంచుకున్నాడట. షోరూములో అందరూ తెలుపన్నారు. ఆయన మాత్రం, మన సీమలో పచ్చ రంగు కంటికి ఆనేది ఏడాదికి రెండు నెలలే, మిగతా పది నెలలకు ఇది ఉండనీ అన్నాడట.

ధర చెప్పింది. వీరేష్ చెప్పినదానికంటే ఎక్కువే. ఆలోచించి చెప్తానని దేవేంద్రప్ప లేచాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాడు. టైర్లు సరిగా చూడలేదని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ తర్వాతి వారం ఇంజను శబ్దం వినాలన్నాడు. ఆ తర్వాత సాకు వెతుక్కోవడం మానేశాడు. పోయి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మారెప్పకు మాట లేదు గానీ వినడం పోలేదు. ఎదుటి మనిషి ముఖంలోకి అలా చూస్తూ కూర్చుంటే దేవేంద్రప్ప ఏదో ఒకటి చెప్పక తప్పేది కాదు. మొదట పత్తి ధరలు చెప్పాడు. తర్వాత యార్డులో ఎవరెవరు ఎలా మోసపోయారో చెప్పాడు. ఒకనాడు బళ్ళారి సంగతి కూడా చెప్పాడు. పెద్దమనుషుల ముందు తన నోరెందుకు పెగల్లేదో ఇప్పటికీ తెలియదన్నాడు. మారెప్ప ఎడమ చెయ్యి చాచి అతని మోకాలి మీద పెట్టి, "పోదాం" అన్నాడు. దేవేంద్రప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడి ఎరగడు.

ఎండలు ముదిరిన రోజుల్లో వీరేష్ ఒకసారి కోపంగా కనిపించాడు. రాయచూరు పార్టీ ఒకటి ఆ పచ్చ బండిని, రంగు మార్పించుకుంటాం లెమ్మని, యశోదమ్మ అడిగిన ధరకే ఒప్పుకుందట. తీరా డబ్బు తెస్తామనేసరికి ఆమె ధర పెంచేసిందట. "ఆయమ్మకి అమ్మే ఉద్దేశమే లేదన్నా. బోర్డు పెట్టి మనల్ని తిప్పుకుంటాంది," అన్నాడు.

దేవేంద్రప్పకు ఎందుకో దిగులు పట్టుకుంది. బండి ఎవరికైనా అమ్మేస్తే ఆ అరుగు ఎక్కడానికి తనకు కారణం ఉండదు. ఆదివారం దాకా ఆగలేకపోయాడు. మర్నాడే వెళ్ళి, పెంచిన ధరకే తాను తీసుకుంటానన్నాడు.

మారెప్ప లోపల నిద్రపోతున్నాడు. యశోద అరుగు అంచున కూర్చుంది.

"నీకు అబద్ధం సెప్పలేనన్నా. ఈ బండి అమ్మాలని మొదట్లో నిజంగానే అనుకున్నా. ఈ మనిషి బాగున్నప్పుడు ఇంట్లో యాభై మంది తిరుగుతాండ్రి. ఇంజనీర్లు, సర్పంచులు, కూలోళ్ళు. మంచాన పడినాక ఒకరొకరే మానేసినారు. పిల్లలా లేరు మాకు. రోజంతా ఆ కుర్చీలో కూర్చొని గేటు దిక్కే సూస్తాండె. బండి అమ్మకానికి పెట్టినాక మనుషులు రాబట్టిరి. కర్నూలు నుంచి, గూడూరు నుంచి, యాడెయాడ్నుంచో. వచ్చి కూర్చొని, టీ తాగి, ఇంజనూ మైలేజీ అని మాట్లాడతాంటే ఈయన మొగంలో ప్రాణం వస్తాండె. అమ్ముడుపోతే ఎవురొస్తారు? అందుకే ధర పెంచుకుంటా వచ్చినా."

గేటు దిక్కు చూస్తూ మళ్ళీ అంది. "నీకిస్తే నువ్వు కూడా రావు గదన్నా."

వస్తానని చెప్పాలనుకున్నాడు దేవేంద్రప్ప. కానీ ఆ మాట అనుకున్నంత తేలికగా రాలేదు. బదులుగా, తాళం ఎక్కడుందని అడిగాడు. బండి కదిలి ఎన్నాళ్ళయిందన్నాడు. డ్రైవరు మానేసి పోయినప్పటినుంచీ లేదని ఆమె చెప్పింది. "అన్న లేచినాక సెప్పు, ముగ్గురం అట్లా పోయొద్దాం," అన్నాడు.

సాయంత్రం పొద్దు వాలాక మారెప్పను ఇద్దరూ పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టారు. యశోద వెనక కూర్చుంది. ఎటు పోదామని అడిగితే ఆమె గోనెగండ్ల దిక్కు చూపించింది. అక్కడికి అవతల పల్లెలకు పోయే రోడ్డు ఆయన వేసిందేనట, చివరగా చేసిన పని. గేటు దాటగానే మారెప్ప "పోదాం" అన్నాడు. ఆ మాటకు ఇన్నాళ్ళకు సరైన చోటు దొరికింది. వెనక యశోద నవ్వింది. ఆమె నవ్వు దేవేంద్రప్ప వినడం అదే మొదటిసారి.

గోనెగండ్ల దాటి ఆ రోడ్డెక్కాక మారెప్ప ముందుకు వంగి తారును చూస్తూ ఉన్నాడు. రోడ్డు కింద వాన నీళ్ళు పోయే ఒక మోరీ దగ్గర చెయ్యెత్తాడు. దేవేంద్రప్ప ఆపాడు. పక్కన మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఒకడు ఆగి, దూరం నుంచే అద్దం వైపు చూసి, పరుగులాంటి నడకతో వచ్చాడు. పేరు ఉరుకుందు. ఆ రోడ్డు పనిలో రాళ్ళు మోసినవాడు. మారెప్ప చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఈ మోరీ దగ్గరే కదా నన్ను తిట్టి, మళ్ళా నీ బువ్వలోంచి సగం పెట్టినావు అని, ఒకటే మాట్లాడాడు. మారెప్ప ఒంటి కంటి వెంట నీళ్ళు కారాయి. మేకలు రోడ్డంతా పరుచుకున్నాయి. అటు వచ్చిన ఆటోవాడు కూడా హారన్ కొట్టకుండా ఆగాడు. యశోద అద్దం వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళారు. ఒకసారి సి.బెళగల్ దాకా, ఇంకోసారి తుంగభద్ర ఒడ్డుకు. కొనుగోలు మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. ఆదోనిలో జనం దేవేంద్రప్ప ఇంకా బస్సుల్లో తిరుగుతున్నాడని నవ్వుకున్నారు.

వానలు మొదలయ్యాక, ఒక బుధవారం పొద్దున యశోద ఫోను చేసింది. మారెప్పకు మళ్ళీ పక్షవాతం వచ్చిందని, కర్నూలుకు తీసుకుపోతున్నామని చెప్పింది. దేవేంద్రప్ప ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

ఆ రోజు ఎమ్మిగనూరు ఇంటి ముందు కార్లు వీధి మలుపు దాకా నిలిచాయి. అన్నీ తెల్లవే. రానివాళ్ళందరూ వచ్చారు. ఇంజనీర్లు వచ్చారు, సర్పంచులు వచ్చారు. అరుగు మీద కుర్చీని ఎవరో పక్కకు జరిపి, దాని మీద చెప్పుల సంచి పెట్టారు. దేవేంద్రప్పను పలకరించినవాళ్ళు, మీరు ఏమవుతారని అడిగారు. ఏమవుతాడో చెప్పలేక, తెలిసినవాణ్ణని అన్నాడు.

దినాలయ్యాక యశోద అన్న గూడూరు నుంచి వచ్చి వ్యవహారాలు చూశాడు. చెల్లెలిని తనతో తీసుకుపోతానన్నాడు. ఇల్లు బాడుగకు, బండి అమ్మకానికి. యశోద బండి మాత్రం దేవేంద్రప్పకే ఇవ్వాలంది. అతను ఆమెను ఒకసారి పక్కకు పిలిచి, నీ దగ్గరే ఉంచుకోమ్మా, డ్రైవర్ని నేను చూసిపెడతానన్నాడు.

"ఉంచుకొని ఏం చేసుకుందునన్నా. దాన్ని సూస్తే ముందు సీటే కనపడతాది నాకు. నువ్వయితే తిప్పుతావు. తీసుకుపో," అంది.

ఆమె అన్న, రంగు మంచిది కాదు కాబట్టి తగ్గించి ఇస్తామన్నాడు. దేవేంద్రప్ప తగ్గించుకోలేదు. కాగితాల మీద సంతకాలయ్యాయి. బండి తీసేటప్పుడు యశోద అరుగు దిగలేదు. గేటు దాటి అద్దంలో చూస్తే, దినాలప్పుడు రేకుల కింద నుంచి తెచ్చి వాకిట్లో బండి నిలిపిన చోట ఎండిన నేల నలుచదరంగా, వాన తడి తగలకుండా తెల్లగా ఉంది.

అనుకున్న రంగు బండి ఇంటికి వచ్చింది. ఆదోనిలో చూసినవాళ్ళందరూ ఏదో ఒకటి అన్నారు. వీరేష్ చుట్టూ తిరిగి, నెత్తి కొట్టుకుని, కనీసం పైన తెల్ల స్టిక్కరైనా వేయించమన్నాడు. దేవేంద్రప్ప నవ్వి ఊరుకున్నాడు. ఆ మాటలు అతన్ని బాధించలేదు. బాధించినవి ఆదివారాలు. తలుపు వేస్తే లోపల ఒక్క చప్పుడుండదు. ఆరు సీట్లు ఖాళీ. అరుగు మీద నేర్చుకున్న మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. ఒకసారి గూడూరుకు ఫోను చేశాడు. యశోద అన్న ఎత్తి, బండి కాగితాల పనేమన్నా ఉందా అన్నాడు. ఏమీ లేదన్నాడు దేవేంద్రప్ప. చెల్లెలు గుడికి పోయిందన్నాడాయన. ఇంకేమీ లేదు కదా అని ఆయనే అడిగితే, దేవేంద్రప్ప లేదన్నాడు. పరాయి ఆడమనిషి బాగోగులు అడగడానికి తాను ఏమవుతాడు? మళ్ళీ చేయలేదు. అటునుంచీ ఫోను రాలేదు.

పత్తి తీతలు మొదలైన కాలంలో, గోనెగండ్లలో ఒక రైతు పత్తి చూడటానికి పోయి వస్తూ, ఎమ్మిగనూరులో ఆ వీధిలోకి తిప్పాడు. గేటు మీద కొత్త పేరు రాసి ఉంది. అరుగు మీద ఎవరివో పిల్లల సైకిళ్ళు. పక్కింటామె బయటికి వచ్చి ఎవరు కావాలని అడిగింది. ఎవరూ వద్దని చెప్పి వెనక్కి తిప్పుకున్నాడు.

ఊరు దాటాక, ఆదోని రోడ్డు మీద, పత్తి తీసి వస్తున్న కూలీ ఆడవాళ్ళు ఆరుగురు ఆటో కోసం నిలబడి ఉన్నారు. పొద్దు కుంకుతోంది. దేవేంద్రప్ప కాస్త ముందుకు పోయి ఆపాడు. అద్దం దించి, రమ్మన్నాడు. వాళ్ళు నమ్మలేదు. తమ కాళ్ళకు మట్టుందన్నారు. ఒకామె, "ఊరికేనా అప్పా, చార్జీ తీసుకుంటావా?" అని అడిగింది. ఊరికేనన్నాడు. ఇంకా అనుమానంగా చూస్తుంటే, తాను ఆదోని యార్డులో దేవేంద్రప్పనని, పత్తి కొనేవాణ్ణని చెప్పుకున్నాడు. అందరిలోకీ పెద్దామె ముందుకు వచ్చి, చంకలోని మూట సర్దుకుని, వెనక తలుపు ఎలా తీయాలో అడిగింది.

ఆరుగురూ ఎక్కారు. ఒకామె ముందు సీట్లో ముడుచుకుని కూర్చుంది. మొదట అందరూ ఊపిరి బిగబట్టినట్టు ఉన్నారు. చల్లగాలి ఎక్కువైందంటే ఏసీ ఆపి అద్దాలు దించాడు. గాలి లోపలికి వచ్చాక నోళ్ళు తెరుచుకున్నాయి. ఎవరి కోడలో పుట్టింటినుంచి రాలేదట. ఎవరి గేదెకో పాలు తగ్గాయట. మేస్త్రి తూకంలో మోసం చేస్తున్నాడట. అతనున్న సంగతే మరిచిపోయి ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకున్నారు. దేవేంద్రప్ప మెల్లగా నడిపాడు. వెనకనుంచి వచ్చిన బండ్లన్నిటికీ దారి ఇచ్చాడు.

"యట్లాంటి మేస్త్రి అమ్మా వాడు, పేరేమి?" అని అడిగాడు మధ్యలో. ఒక్క క్షణం అందరూ ఆగి, తర్వాత ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.

వాళ్ళ పల్లె వచ్చింది. దిగి, పోయొస్తామప్పా అని చెప్పి, చీకటి పడుతున్న సందులోకి వెళ్ళిపోయారు. మాటలు కొంతదూరం వినబడి ఆగిపోయాయి. సీట్ల మీద ఎర్రమట్టి, దూది పోగులు అంటుకుని ఉన్నాయి. దేవేంద్రప్ప అద్దాలు ఎత్తకుండానే ఆదోని దిక్కు బయలుదేరాడు.